ఇంటికొచ్చినవాడి నాటికని ఎలా ముగించాలి

ఇల్లు వదిలి పోయినవాడు ఏళ్ళ తర్వాత తిరిగొచ్చే కథ మీద మన వైపు నాటిక పోటీలు పెట్టే పరిషత్తుల్లో నాటిక పడని ఏడాది ఉండదంటే నమ్మండి. అప్పులపాలై పోయినవాడు, తాగి తాగి ఇంట్లో కొట్టి పోయినవాడు, గల్ఫ్ వెళ్ళి కబురు లేకుండా పోయినవాడు, జైలుకెళ్ళొచ్చినవాడు. కారణం ఏదైనా, వాడు గుమ్మంలోకొచ్చి నిలబడేవరకూ అందరూ బాగానే రాస్తారు. ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. స్క్రిప్టు చివరి నాలుగు పేజీలు చూస్తే రచయితకి ఎంత టెన్షన్ పట్టుకుందో తెలిసిపోతుంది.

నేను పాలకొల్లు వైపు మనిషిని. నాటికల్లో వేషాలు వేస్తాను, ఈ మధ్య కొన్నిటికి దర్శకత్వం కూడా చేస్తున్నాను. ఇలాంటి కథల్లో తిరిగొచ్చినవాడి వేషం నాకెప్పుడూ రాదు కదా. వయసులో ఉండగా వాడి భార్యని, నలభై దాటాక వాడి తల్లిని, ఇప్పుడు జుట్టుకి తెల్లరంగు వేయక్కర్లేని నాయనమ్మని. అంటే వాడు ఊళ్ళు పట్టుకు తిరిగినన్నాళ్ళూ నేను ఇంట్లోనే ఉన్నానన్నమాట. అందుకే ఈ విషయంలో నాదో గట్టి అభిప్రాయం: వచ్చింది వాడే అయినా, ముగింపు వాడిది కాదు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళది. చివర్లో ఏదో ఒకటి తేల్చాల్సింది వాళ్ళు. ఆ తేల్చడం కూడా మాటతో కాకుండా చేత్తో జరగాలి.

అది స్టేజీ మీద ఎలా చేయాలో చెప్తాను. కొత్తగా రాసేవాళ్ళకి, కాలేజీ కుర్రాళ్ళకి, సంక్రాంతికి ఊళ్ళో నాటిక వేద్దామనుకునేవాళ్ళకి పనికొస్తుంది.

ముందు కొట్టేయాల్సినవి

మొట్టమొదట కొట్టేయాల్సింది చావు. తిరిగొచ్చినవాడు గుండె పట్టుకుని తల్లి ఒళ్ళో పడిపోతాడు. ఆ ఒళ్ళు చాలాసార్లు నాదే. ఎనభై కిలోల మనిషి మోకాళ్ళ మీద పడితే ఏడుపు నిజంగానే వస్తుంది, అది వేరే సంగతి. చావుని స్టేజీ మీద చూపించొద్దని నాట్యశాస్త్రం ఏనాడో చెప్పింది. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, నా కారణం వేరు. వాడు చచ్చిపోతే ఇంట్లో ఎవరూ ఏదీ తేల్చనక్కర్లేదు, ఏడిస్తే సరిపోతుంది. చప్పట్లు కొడతారు, కాదనను. కానీ జనం సైకిల్ స్టాండు దాకా వెళ్ళేసరికి కథ మర్చిపోతారు.

తర్వాతది అందరూ ఒకర్నొకరు వాటేసుకుని ఫ్రీజ్ అయ్యే ముగింపు. మన ఇళ్ళల్లో నలభై ఏళ్ళ కొడుకుని వాటేసుకునే తండ్రిని మీరు చూశారా? నేను చూడలేదు. మన తండ్రి మహా అయితే గొంతు సవరించుకుని, "బస్సు ఎన్నింటికి దిగావు?" అంటాడు. ఆ మాటలో ఉన్న ప్రేమ ఆ కౌగిలిలో లేదు.

ఇక సందేశం. ఇది మన గోదావరి వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత నాటకం ఆడించిన నాటి నుంచీ నాటకంతో బుద్ధి చెప్పడమంటే మనకి మోజు. ఆయన చెప్పాల్సిన కాలంలో చెప్పారు, చెప్పాల్సినంత వ్యంగ్యంగా చెప్పారు. మనం మాత్రం తిరిగొచ్చిన తాగుబోతుని ప్రేక్షకుల వైపు తిప్పి, వాడి చేత "అన్నల్లారా, నాలా మీరు కావద్దు" అనిపిస్తాం. సంస్కృత నాటకాల చివర భరతవాక్యం ఉండేది, లోకమంతా చల్లగా ఉండాలని. అది నటుడు వేషం పక్కన పెట్టి చెప్పే ఆశీర్వాదం. పాత్ర నోట్లో దాన్ని కుక్కితే పాత్ర అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ఉత్తరం చదవడం, ఫోన్లో వాయిస్ మెసేజ్ వినిపించడం, చివరి నిమిషంలో "వాడికి క్యాన్సర్" అని తెలియడం, వీటి గురించి ఎక్కువ చెప్పను. ఇవన్నీ రచయితకి దారి దొరకనప్పుడు దూకే గోడలు.

అన్నం పెట్టడం గురించి మాత్రం ఒక మాట. తల్లి కంచం పెడుతుంది, వాడు మొదటి ముద్ద తింటూ ఏడుస్తాడు, తెర. ఇది చెడ్డ సీను కాదు, చాలా మంచి సీను. అందుకే చివర్లో పెట్టకూడదు. మన వైపు ఇంట్లో శత్రువొచ్చినా కాళ్ళు కడుక్కోమంటారు, అన్నం తిన్నావా అంటారు. అన్నం పెట్టినంత మాత్రాన క్షమించినట్టు కాదు. ఆ సీనుని నాటికలో పావు వంతు గడవకముందే కానిచ్చేయండి. "అన్నం పెట్టారు, అయితే ఏంటి?" అన్న ప్రశ్నతో జనాన్ని కూర్చోబెట్టండి.

ఎవరికెంత బాకీ

ఉదాహరణకి ఒక కథ అనుకుందాం. భీమవరం వైపు పల్లెటూరు. సూర్రావు అని ఒకడు. రెండెకరాల చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్యలు వేశాడు. మేత డీలర్ దగ్గర అప్పు. ఒక పంటకి వైట్ స్పాట్ తెగులు తగిలింది. మళ్ళీ అప్పు చేసి వేశాడు. ఈసారి పట్టుబడికి వారం ముందు రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. చెరువులో నీళ్ళకి ఊపిరి తక్కువగా ఉండేది తెల్లవారుజామునే. వెలుగొచ్చేసరికి రొయ్యలన్నీ గట్టు వారన తేలాయి. ఆ పొద్దున సూర్రావు ఇంటికి రాలేదు. ఏడేళ్ళు రాలేదు.

ఇంత వివరం దేనికంటే, "వాడు అప్పులపాలయ్యాడు" అని ఒక్క మాటలో తేల్చేస్తే వాడి మీద జాలీ పుట్టదు, కోపమూ పుట్టదు. ఆ రాత్రి చెరువు గట్టు మీద వాడు కాపలా ఉన్నాడా, మందు కొట్టి పడుకున్నాడా? ఇది మీకు తెలిసి తీరాలి. జనానికి చెప్తారా లేదా అన్నది తర్వాత సంగతి.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, వాడు లేనప్పుడు వాడి బదులు ఎవరేం కట్టారో రాయండి. తమ్ముడు అరెకరం కొబ్బరితోట అమ్మి మేత డీలర్ బాకీ తీర్చాడు. కొబ్బరికాయల దింపు మీద వచ్చే డబ్బులతోనే బతికే ఇంట్లో అది చిన్న విషయం కాదు. తల్లి నలుగురిలోకి వెళ్ళడం మానేసింది. కూతురు ప్రైవేటు స్కూల్ మానేసి జిల్లా పరిషత్ స్కూల్లో చేరింది. నిజం చెప్పాలంటే అక్కడే బాగా చదివింది. అన్నీ నష్టాలే రాయకండి, వాడు లేకపోవడం వల్ల బాగుపడినవి కూడా రాయండి. చివరికొచ్చేసరికి అవే బాగా పనికొస్తాయి. భార్య పక్కన ఏం రాయాలో తెలియక మీ పెన్ను ఆగిపోతుంది. ఆగనివ్వండి. మీ ముగింపు అక్కడే ఉంది.

ఈ కాగితంలో తీర్చగలిగే బాకీలన్నీ ముగింపుకి ముందే తీర్చేయండి. సూర్రావు హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా చేసి కూడబెట్టిన ముప్పై వేలు తెచ్చాడనుకోండి, రాత్రే తమ్ముడి చేతిలో పెట్టించండి. తమ్ముడు లెక్కపెట్టడు, వద్దనడు, గోడకున్న క్యాలెండర్ వెనక దోపుతాడు. తమ్ముడిని విలన్ చేయకండి. తోట అమ్ముకున్నవాడు రెండు మాటలు గట్టిగా అంటే అది విలనిజం కాదు.

తల్లి దగ్గర కూడా ముందే కానిచ్చేయండి. తల్లి క్షమిస్తుంది. ఎవరికీ అందులో అనుమానం లేదు కాబట్టి అందులో నాటకమూ లేదు. నా పొట్ట కొట్టుకుని చెప్తున్నాను ఈ మాట. తల్లి వేషానికి చివరి డైలాగు ఇవ్వొద్దని.

మిగిలింది భార్య. ఆమె బాకీ డబ్బుతో తీరదు. ఆమె ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు, రాసేటప్పుడు మీకూ తెలియకూడదు.

ఏడేళ్ళు, నాలుగు వేలు

ఏళ్ళ లెక్క ఊరికే వేయకండి. మన సాక్ష్య చట్టంలో ఒక మాట ఉంది. ఒక మనిషి గురించి, మామూలుగా అయితే కబురు తెలియాల్సిన వాళ్ళకి ఏడేళ్ళు ఏ కబురూ లేకపోతే, వాడు బతికే ఉన్నాడని వాదించేవాళ్ళే దాన్ని రుజువు చేసుకోవాలి. పాత చట్టంలో అది 108వ సెక్షన్. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అదే నియమం ఉంది. అంటే ఏడేళ్ళకి అటూ ఇటూ రావడంలో తేడా ఉంది. ఆరేళ్ళకొస్తే తప్పిపోయినవాడు. ఏడు దాటాక వస్తే, కుటుంబం కోర్టుకెళ్ళి ఉంటే, కాగితం మీద చచ్చిపోయినవాడు. మీ కథకి ఏది కావాలో చూసుకుని సంవత్సరాలు వేయండి. "పదేళ్ళ తర్వాత" అని గుండ్రంగా వేసేస్తారు చాలామంది.

మన సూర్రావు భార్య కోర్టుకెళ్ళలేదు. ఆమెకి ఒంటరి మహిళ పింఛను వస్తోంది. ఆంధ్రలో 2024 జూలై నుంచి అది నెలకి నాలుగు వేలు. ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతికిస్తారు. ఈ పింఛను రాయించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆ తమ్ముడే. అన్న వదిలేసి పోయాడని సంతకం పెట్టింది కూడా అతనే.

సూర్రావు వచ్చింది ముప్పై ఒకటో తారీఖు రాత్రి.

ఇక మీకు ముగింపు వేరే వెతుక్కునే పని లేదు. తెల్లారితే గుమ్మంలోకి పింఛను వస్తుంది. మొగుడు లోపల గదిలో ఉన్నాడు. ఆమె వేలు పెట్టాలి. పెడితే, వాడు రానట్టు. పెట్టకపోతే, వచ్చినట్టు. నాలుగు వేలు పోయినట్టు కూడా.

ఒకటే జాగ్రత్త. ఈ పింఛను సంగతి చివర్లో ఊడిపడకూడదు. మొదటి పది నిమిషాల్లోనే కూతురు పుస్తకాలు సర్దుకుంటూ, "అమ్మా, రేపు ఒకటో తారీఖు, పొద్దున్నే వస్తారు, తలుపు తీసి ఉంచు" అనాలి. మామూలుగా అనాలి, ఎవరూ పట్టించుకోకూడదు. మధ్యలో తమ్ముడు అన్నతో గొడవపడేటప్పుడు, "నువ్వు వదిలేశావని నా చేత్తో నేను రాసిచ్చాను" అనాలి. అప్పటికి జనంలో నలుగురైదుగురికి లెక్క తెలిసిపోతుంది. మిగతావాళ్ళకి గుమ్మంలో పింఛను తెచ్చిన సచివాలయం అమ్మాయి గొంతు వినపడగానే తెలుస్తుంది. ఆ క్షణాన హాల్లో కుర్చీలు కిర్రుమంటాయి చూడండి, అది వినాలి.

ఆ సీను

రాయడం ఇలా ఉంటే చాలు. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువైనా నేను కొట్టేస్తాను.

సచివాలయం అమ్మాయి: (వీధి గుమ్మం బయట) అండీ... పింఛనండి.

భార్య: వస్తున్నానమ్మా.

(చెయ్యి తుడుచుకుంటూ వస్తుంది. అమ్మాయి మిషన్ చాపుతుంది. భార్య అలవాటుగా వేలు పెడుతుంది. మిషన్ గుర్‌మంటుంది.)

అమ్మాయి: పడలేదండి. తుడుచుకుని ఇంకోసారి పెట్టండి.

(లోపల మగగొంతు దగ్గు.)

అమ్మాయి: ఎవరండి లోపల?

(భార్య చీర చెంగుతో వేలు తుడుచుకుంటుంది. తుడుస్తూనే ఉంటుంది.)

భార్య: చుట్టాలొచ్చారు.

(వేలు పెడుతుంది. మిషన్ టింగుమంటుంది.)

అమ్మాయి: పడిందండి. లెక్క చూసుకోండి. ఒకటి... రెండు... మూడు...

(ఐదొందల నోట్లు. లెక్క సాగుతుండగా లైటు తగ్గుతుంది. చీకట్లో ఎనిమిది దాకా వినపడాలి. తెర.)

మొదటిసారి వేలిముద్ర పడకపోవడం నేను కల్పించింది కాదు. మట్టి పని, బట్టలుతుకుడు, పీచు పని చేసే ఆడవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ఆ మిషన్లో పడవు. ఏ ఊళ్ళో అయినా ఒకటో తారీఖు పొద్దున చూడండి. నాటకానికి అది వరం. మొదటిసారి ఆమె ఆలోచించకుండా, ఏ నెలకా నెల పెట్టినట్టే పెట్టింది. అది నిర్ణయం కాదు. మిషన్ కాదనడంతో ఆమెకి ఇంకో అవకాశం వచ్చింది, ఆ మధ్యలో వాడు దగ్గాడు. రెండోసారి పెట్టే వేలు మాత్రం తెలిసి పెట్టేది.

ఇందులో ఇంకో రకం ముగింపు కూడా ఉంది. ఆమె వేలు వెనక్కి తీసుకుని, "వచ్చే నెల నుంచి నా పేరు తీసేయండమ్మా" అనొచ్చు. రెండూ నిలబడతాయి. ఏది ఎప్పుడు? దానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను: ముందు రాత్రి వాడేం అడిగాడు? రాత్రంతా వాడు తన కష్టాలే చెప్పుకున్నాడా, హైదరాబాద్‌లో ఎలా పడుకున్నాడు, ఎలా తిన్నాడు, ఎంత ఏడ్చాడు? అయితే వేలు పెట్టాల్సిందే. "నీకు ఆ నడుం నొప్పి తగ్గిందా?" అని ఒక్క ప్రశ్న అడిగాడా? అయితే వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే నాలుగు వేలు అన్న అంకె మాత్రం వాడి చెవిన పడాలి. తను గుమ్మంలో అడుగు పెట్టడానికి ఆ ఇల్లు నెలనెలా ఎంత కడుతోందో తెలియాలి.

నేనైతే వేలు పెట్టిస్తాను. చుట్టాలు కూడా కొన్నాళ్ళుంటారు, కొందరు ఉండిపోతారు. తలుపు మూయలేదు కదా ఆమె.

ముందు సీన్లలో భార్య చేత వాడితో నేరుగా మాట్లాడించకండి. ఆమె అత్తగారితో అంటుంది, వాడు వింటాడు. "అత్తయ్యా, దుప్పటి పెట్టె మీద ఉంది, చలేస్తే కప్పుకోమనండి." మన ఇళ్ళల్లో అలిగిన ఆడవాళ్ళు మాట్లాడే తీరే అది. నాటికంతా అలా నడిస్తే, చివర్లో ఆమె అన్న ఒక్క మాటకి బరువొస్తుంది.

హీరోని ఒప్పించడం

అసలు చిక్కు ఇక్కడ. సూర్రావు వేషం వేసేవాడు నాటక సమాజంలో పెద్ద నటుడై ఉంటాడు, చాలాసార్లు ఆ సమాజం నడిపేది కూడా ఆయనే అయి ఉంటుంది. ఉత్తమ నటుడి బహుమతి మీద ఆశ ఉంటుంది. చివరి సీన్లో ఆయనకి దగ్గు తప్ప ఏమీ లేదంటే ఊరుకుంటాడా? "అమ్మా, కనీసం గుమ్మంలోకి వచ్చి నిలబడతాను, ఒక చూపు చూస్తాను" అంటాడు. ఒప్పుకోకండి. ఆయన కనపడ్డాడా, జనం చూపంతా ఆయన మొహం మీదికి పోతుంది, వేలు ఎవరూ చూడరు.

దానికి ఉపాయం, ఆయన వాటా ముందే ఇచ్చేయడం. నాటిక మూడింట రెండొంతులు అయ్యాక, అర్ధరాత్రి, నూతి గట్టు మీద ఆయనకో పెద్ద సీను రాయండి. పక్క చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు. ఏడేళ్ళు హైదరాబాద్ అపార్ట్‌మెంటు మెట్ల కింద పడుకున్నా నిద్ర పట్టింది గానీ ఆ చప్పుడుకి పట్టడం లేదు వాడికి. తల్లి మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోలేదని మనకి తెలుసు. ఆ రాత్రి చెరువు గట్టు మీద ఏం జరిగిందో మొత్తం అక్కడ చెప్పించండి. ఏడవనివ్వండి, అరవనివ్వండి. బహుమతి వస్తే ఆ సీనుకే వస్తుంది, నేను చూశాను. ఆ తర్వాత ఆయన శాంతిస్తాడు.

ఆహార్యంలో, అంటే వేషం వేయడంలో, ఒక చిన్న సలహా. తిరిగొచ్చినవాడనగానే అతికించిన గడ్డం, చిరిగిన లుంగీ వేసేస్తారు. ఇంటికొచ్చేవాడు అలా రాడండీ. దిగేముందు బస్టాండ్ దగ్గర గడ్డం గీయించుకుంటాడు, కొత్త చొక్కా కొనుక్కుని వేసుకుంటాడు. ఆ చొక్కాకి అట్టపెట్టెలో మడతల గీతలు ఇంకా పోయి ఉండకూడదు. నిజంగా అంతే, ఆ గీతలు చాలు.

స్టేజీ మీద

మామూలుగా మనం ఇంటి సెట్లో వీధి గుమ్మాన్ని పక్క వింగ్ దగ్గర, కాస్త వెనగ్గా పెడతాం. ఈ నాటికకి అలా కుదరదు. పైనుంచి వేలాడే మైకులు ముందు భాగంలోనే గొంతు పట్టుకుంటాయి. వెనక గొణిగితే మూడో వరసకి కూడా వినపడదు. వీధి గుమ్మాన్ని బాగా ముందుకు జరపండి. అరుగు కింద ఒక మెట్టు దిగువన అమ్మాయి, పైన భార్య. ఇద్దరూ సగం పక్కకి తిరిగి ఉండాలి. మిషన్ ఇద్దరి మధ్యా, రొమ్ము ఎత్తున. భార్య వేషం వేసినామె కుడిచేత్తో పెడితే వేలు జనానికి కనపడుతుందో, చేతి వెనకభాగమే కనపడుతుందో మధ్య వరసలో ఎవరినైనా కూర్చోబెట్టి చూసుకోండి. అవసరమైతే గుమ్మాన్నే అటువైపుకి మార్చండి.

చప్పుళ్ళు రెండూ ముందే రికార్డ్ చేసుకోండి, తప్పు పడినప్పటిదీ, సరిగ్గా పడినప్పటిదీ. రెండూ వేరువేరుగా, స్పష్టంగా ఉండాలి. వాటిని వేసేవాడికి ఆ చెయ్యి కనపడాలి. కనపడని చోట కూర్చోబెట్టారంటే అమ్మాయి కాలి కదలికని సంజ్ఞగా పెట్టుకోండి, ఎడమ కాలు ముందుకేస్తే చప్పుడు. ముందు చప్పుడు, తర్వాత సగం ఊపిరి, ఆ తర్వాతే "పడలేదండి". ఈ వరస తారుమారైతే జనం నవ్వుతారు.

సంగీతం వద్దు. ఇది వినగానే మ్యూజిక్ అబ్బాయి మొహం మాడ్చుకుంటాడు, వయొలిన్ తెచ్చానంటాడు. రాత్రి సీన్ల నిండా ఏరియేటర్ చప్పుడు చాలా తక్కువగా నడపమనండి, తెల్లారగానే ఆపేయమనండి. ఆ ఆపడమే వాడి సంగీతం.

లైటు పూర్తిగా ఆర్పేయకుండా వెనక గదిని పావు వంతుకి తగ్గించి, గుమ్మం మీద ఒక్క ఫోకస్ ఉంచండి. "ఒకటి" అన్న దగ్గర డిమ్మర్ కదలడం మొదలై "ఐదు" దగ్గర పూర్తవ్వాలి. ఆ అమ్మాయి గబగబా లెక్కపెట్టకూడదు, ఏడిపించే గొంతుతోనూ లెక్కపెట్టకూడదు. ఆమెకి ఇంకా ఇరవై ఇళ్ళున్నాయి. అలా చెప్పండి ఆ వేషం వేసే పిల్లకి, అర్థమవుతుంది.

తెర లాగేవాడితో మీరే స్వయంగా మాట్లాడండి. ఒక ఊళ్ళో భార్య వేలు తుడుచుకుంటుంటే, స్టేజీ మీద మాటల్లేవు కదా, నాటిక అయిపోయిందనుకుని తెర లాగేశారు. కాగితం మీద రాసిస్తే వాళ్ళు చూడరు. పొద్దున ఒకసారి టీ ఇప్పించి, "ఎనిమిది అన్న మాట వినపడేదాకా తాడు ముట్టుకోకు బాబూ" అని చెప్తే ఎవరూ తప్పరు.

రిహార్సల్ సంగతి. అందరం మొదటి సీనుతో మొదలుపెడతాం. రాత్రి పదింటికి చివరి సీను దగ్గరికొచ్చేసరికి సగంమంది ఆఖరి బస్సు కోసం వాచీలు చూస్తుంటారు. అందుకే మన నాటికలన్నిటిలో మొదటి పావుగంట బ్రహ్మాండంగా ఉంటుంది. వారంలో రెండు రోజులైనా వెనక నుంచి మొదలుపెట్టండి. చివరి సీనుని ఒకసారి అసలు మాటల్లేకుండా, చేతులతో, చప్పుళ్ళతో నడపండి. అలా నడిపినా కథ తెలుస్తోందంటే మీ ముగింపు తయారైనట్టే. పరిషత్తులో టైము దాటితే మార్కులు పోతాయి. కోత పెట్టాల్సొస్తే మధ్యలో పెట్టండి, తమ్ముడి గొడవలో రెండు పేజీలు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి.

మీ కథ వేరైతే

పింఛను అన్ని కథలకీ అతకదు. మీరు వెతకాల్సింది, వాడు లేడని ఆ ఇంట్లో రోజూ చెప్పే వస్తువో పనో ఏదుందని. జైలు నుంచి వచ్చినవాడైతే చెల్లెలి పెళ్ళి శుభలేఖలు అప్పటికే అచ్చయి ఉండొచ్చు, ఆహ్వానించువారిలో వాడి పేరు లేకుండా. చివర్లో ఎవరో ఒకరు పెన్ను తీసి చేత్తో రాస్తారా, రాయకుండానే పసుపు పెట్టి పంచడం మొదలుపెడతారా? మనవైపు ఇంకో కథ కూడా చాలా ఉంది, ఎవరూ రాయరు. భార్య ఇంటిపనికి కువైట్ వెళ్ళింది, ఆమె పంపిన డబ్బు తాగేసి పారిపోయిన మొగుడు ఆమె లేనప్పుడు తిరిగొస్తాడు. అక్కడ తేల్చాల్సింది ఫోన్ పట్టుకున్న పన్నెండేళ్ళ కొడుకు. వీడియో కాల్లో తల్లి ఉంది. కెమెరా అటు తిప్పుతాడా లేదా? గోడ మీద దండ వేసిన ఫోటో మాత్రం వద్దు. ఆ దండ తీయడం చూసి చూసి జనానికి విసుగొచ్చింది.

న్యాయనిర్ణేతలు ఏమంటారో కూడా చెప్తాను, సిద్ధంగా ఉండండి. "ఆమె గవర్నమెంటుని మోసం చేసినట్టు కదమ్మా?" అంటారు. అవునండి, కొంచెం అంతే. మొగుడొచ్చి ఒక రాత్రే అయింది, రేపు ఉంటాడో లేదో ఆమెకేం తెలుసు, అని చెప్పండి. ఇంకొకరు, "ముగింపు అసంపూర్ణంగా ఉంది" అని రాస్తారు. దానికి మార్కులు తగ్గినా మార్చకండి. వాళ్ళు భోజనాల దగ్గర వేలు పెట్టడం తప్పా ఒప్పా అని వాదించుకుంటుంటే మీరు పక్కన నిలబడి సాంబారు వడ్డించుకోండి.

ఆఖరుగా ఆ మిషన్. అట్టముక్కకి నల్లరంగు వేసి తేకండి, ముందు వరసకి తెలిసిపోతుంది. సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో పాడైపోయిన స్వైపింగ్ మిషన్లు దొరుకుతాయి. దానికి చిన్న ఎర్ర లైటు, పచ్చ లైటు పెట్టించి, స్విచ్ అమ్మాయి బొటనవేలి కిందికొచ్చేలా అమర్చమనండి. ప్రదర్శన రోజు కొత్త బ్యాటరీ వేయండి. ఊళ్ళు తిరిగేటప్పుడు దాన్ని సెట్ సామాన్లతో బస్సు పైన వేయకుండా, ఆ వేషం వేసే అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టించండి.